పచ్చ మైకు ముందు కూర్చున్నదెవరు?

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. మధ్యలో మాత్రం నవ్వొద్దు.

మలాయి దేశపు తీరాన మా ఊరు బాగన్ దాతుక్‌లో నా మాటను అందరూ సగం తగ్గించి వింటారని నాకు తెలుసు. పడవ ఇంజన్ మింగిన మొసలి కథ నాదే. ఆ తర్వాత చాలా కాలం దాని కడుపులోంచి టుక్ టుక్ మని చప్పుడు వచ్చేదని చెప్పిందీ నేనే. అది సరదా. ఇది అలా కాదు. ఇది జరిగింది. నా టంకం కడ్డీ మీద ఒట్టు. అంతకన్నా పవిత్రమైన వస్తువు నా దగ్గర లేదు. పైగా మా ఆవిడ పార్వతి సాక్షి. పెళ్ళయ్యాక ఆవిడ నా తరఫున సాక్ష్యం చెప్పడం ఇదే మొదటిసారి. అది ఒక్కటి చాలు, మీరు నమ్మడానికి.

సీబీ అంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట. అదొక చిన్న రేడియో సెట్టు. మీట నొక్కి మనం మాట్లాడితే, ఆ చానల్ మీద సెట్టు పెట్టుకున్న వాళ్ళందరికీ వినిపిస్తుంది. మీట వదిలితే వాళ్ళ మాట మనకు వినిపిస్తుంది. రెండూ ఒకేసారి జరగవు. నోరు తెరిస్తే చెవులు మూసుకుంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ రాత్రి మా ప్రాణాలన్నీ ఈ ఒక్క సంగతి మీదే వేలాడాయి.

నాకు సెట్ల మీద మోజు లేదు. మోజంతా మైకుల మీద. మూతపడ్డ సినిమా హాలు, ఎస్టేటు ఆఫీసు సామాన్ల గది, పెళ్ళిళ్ళకు లౌడుస్పీకర్లు అద్దెకిచ్చే కొట్టు... ఎక్కడ పాత మైకు ఉందన్నా నా మోటారుసైకిల్ అటే తిరుగుతుంది. అవేవీ సీబీ కోసం పుట్టినవి కావు. వాటికి మీట ఉండదు. తీగ కుదరదు. గొంతు మరీ సన్నం. నేను వాటిని విప్పుతాను. కడుపులో చిన్న ట్రాన్సిస్టర్ బోర్డు పెడతాను. కింద మీట అమరుస్తాను. ఉంగరాల తీగ అతుకుతాను. అంతే! గోదాములో దుమ్ము తింటున్న ముసలి మైకు లేచి కూర్చుని సముద్రం మీదికి మాట్లాడుతుంది. ఆ క్షణంలో నాకు కలిగే సంబరం ఏమని చెప్పను! నా పెళ్ళినాడు కూడా అంత సంబరపడలేదు. ఈ ముక్క పార్వతి లేనప్పుడే చెబుతాను.

శనివారం సాయంత్రాల్లో మా చానల్ మీద మైకు పరీక్ష ఉంటుంది. ఎవరు కొత్తగా ఏ పాత మైకు బాగు చేస్తే వాళ్ళు దానితో మాట్లాడాలి. మిగతావాళ్ళు వెక్కిరించాలి. "పాల డబ్బాలో తల ఎట్టి మాటాడతన్నావు" అంటే పాసైనట్టు. "జలుబు సేసినాదేటి" అంటే తప్పినట్టు. న్యాయం చెప్పేది శేఖరన్. పక్క ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో టైర్ల కొట్టు వాడిది. తండ్రి తమిళం, తల్లి తెలుగు. నన్ను అరవంలో అన్నే అంటాడు, మలాయివాళ్ళలా మాట చివర 'లా' తగిలిస్తాడు. వాడివి మామూలు చెవులు కావు. రోడ్డు మీద లారీ పోతుంటే, తల ఎత్తకుండానే ఏ టైరులో గాలి తక్కువుందో చెబుతాడు.

ఇక పచ్చ మైకు సంగతి.

జార్జ్ టౌన్‌లో పాత సామాన్ల సంతలో దొరికింది. మామిడికాయంత ఉంటుంది. ముదురు పచ్చ రంగు. ముందు ఇనుప జల్లెడ. లోపల ఉప్పుతో చేసిన స్ఫటికపు బిళ్ళ ఉంటుంది, గొంతు తగిలితే అదే కరెంటుగా మారుస్తుంది. అలాంటి బిళ్ళలు మన తడి గాలికి బతకవు. ఎప్పుడు విప్పినా లోపల తెల్లటి ముద్దే కనిపిస్తుంది. ఇది మాత్రం అద్దంలా మెరుస్తూ ఉంది! నేను ఎగిరి గంతేశాను. గంతేసే బదులు, ఇన్నేళ్ళుగా ఇదెలా కరగకుండా ఉందని ఒక్కసారి ఆలోచించి ఉంటే...

సరే. దానికి బోర్డు పెట్టాను, మీట పెట్టాను. మీట నొక్కి నొక్కి వేలు నొప్పెడుతోందని ఒక కొక్కెం కూడా పెట్టాను. కొక్కెం వేస్తే మీట నొక్కినట్టే ఉండిపోతుంది. చేతులు ఖాళీ. గొప్ప తెలివి కదా! ఆ కొక్కెం తియ్యడం మర్చిపోయి ఎన్నిసార్లు మా ఇంటి భాగోతం తీరమంతా వినిపించానో. నా లుంగీ గురించి పార్వతి ఇచ్చిన ఉపన్యాసం జెట్టీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

దీనికి తోడు ఇంకో తెలివైన పని చేశాను. పార్వతి తమ్ముడు సింహాద్రి హుటాన్ మెలింటాంగ్‌లో పడవ ఇంజన్లు బాగు చేస్తాడు. వాడి ఫైబర్ పడవలో సీబీ సెట్టు పెట్టింది నేనే. దానికి మంచి ప్లాస్టిక్ మైకు ఉండేది. అది పీకి, పాత ఓడలో వాడిన బొగ్గు మైకు ఒకటి అమర్చాను. లోపల బొగ్గు రవ్వలుంటాయి. గొంతు తగిలితే అవి కదులుతాయి. ఆ గొంతు ఎంత గంభీరంగా ఉంటుందో! తడి తగిలితే మాత్రం రవ్వలు గడ్డకడతాయి. అప్పుడు మైకును గట్టిగా తట్టాలి. తడితే మళ్ళీ పలుకుతుంది.

తట్టాలన్న ముక్క వాడికి చెప్పలేదు. మైకు అందం గురించి చెబుతూ చెబుతూ మర్చిపోయాను.

ఆ శనివారం మధ్యాహ్నం సింహాద్రి ఇంజన్ పరీక్షించడానికి ఒక్కడే పడవ తీశాడు. నది ముఖద్వారం దాటి కాస్త సముద్రంలోకి వెళ్ళి తిరిగి రావాలి. శనివారం రాత్రి భోజనం మా ఇంట్లోనే. దీపాలు పెట్టే వేళయింది. రాలేదు. చీకటి పడింది. రాలేదు. ఫోన్ చేస్తే అందడం లేదని మలాయిలో ఒకావిడ చెబుతోంది. జెట్టీ నుంచి రెండు పడవలు వెతకడానికి బయల్దేరాయి. ఎటు వెతకాలి? ఆటుకు నీళ్ళు వెనక్కి తీస్తున్న వేళ. పడవ ఆగిపోతే జలసంధిలోకి లాక్కుపోతుంది. అక్కడ పెద్ద ఓడలు తిరుగుతుంటాయి. చీకట్లో ఒక చిన్న పడవ వాళ్ళకు కనపడదు...

పార్వతి గుమ్మంలో నిలబడింది. ఏడవడం లేదు. అదే నాకు భయం వేసింది.

"ఏటయ్యా, ఆడి మైకు నువ్వే మార్చినావు కదేటి?"

"...మార్చినాను."

"మంచి మైకు తీసీసి ముసిలి మైకు ఎట్టినావు."

"అది బొగ్గు మైకు పార్వతీ. దాని గొంతు ఎంత బాగుంటాదంటే..."

"ఆ గొంతు ఇప్పుడు ఇనిపించు."

వెళ్ళి సెట్టు ముందు కూర్చున్నాను. పచ్చ మైకు ముందుకు లాక్కున్నాను. నా దగ్గరున్న వాటిలో దాని గొంతే అన్నిటికన్నా దూరం పోతుంది.

"సింహాద్రీ... ఒరే సింహాద్రీ... బావని. ఇంటన్నావేట్రా?"

మీట వదిలాను. సూ... అని గాలి చప్పుడు. అంతే. మళ్ళీ పిలిచాను. సూ... మళ్ళీ పిలిచాను. వేలు నొప్పెట్టింది. కొక్కెం వేశాను. "బేగి పలకరా, మీ అక్కకి సమాధానం సెప్పలేకపోతన్నాను" అని ఏవేవో అన్నాను. ఇంతలో వెనక వంటగదిలో ఏదో కింద పడింది. పార్వతికి ఏమైందో అని పరుగెత్తాను. చేతిలోంచి గిన్నె జారింది, అంతే. అక్కడే నిలబడి ఇద్దరం మాటా మాటా అనుకున్నాం.

కొక్కెం తియ్యలేదు. ఆ ధ్యాసే లేదు.

ఫోన్ మోగింది. శేఖరన్.

"అన్నే, నీ కొక్కెం పడే ఉన్నాది లా. మీ ఇల్లంతా గాల్లోనే ఉన్నాది."

"అయ్యో, ఉండు, తీసేస్తాను..."

"పర్లేదన్నే, ఇంక తొందరేటి? వచ్చీసినాడు గదా! జెట్టీ వాళ్ళకి సెప్పేస్తాను, పడవలు తిప్పుకోమని."

"ఎవులొచ్చీసినాడు?"

"ఏటన్నే ఏలాకోలం! సింహాద్రి."

వాడు సంతోషంగా చెప్పుకుపోతున్నాడు.

"నువ్వు లేసి ఎల్లినావు. తరవాత మీ గేటు కిర్రుమన్నాది. సెప్పులు ఈడుసుకుంటా వచ్చినాడు. కుర్చీ లాగినాడు. దగ్గినాడు. ఆడి దగ్గు నాకు తెలీదేటన్నే? తరవాత 'అక్కా, కోపీ' అన్నాడు..."

నేను తల తిప్పాను.

మెల్లగా తిప్పాను. ఎందుకంత మెల్లగానో నాకు తెలియదు. వంటగది గుమ్మంలోంచి ముందు గది మొత్తం కనిపిస్తుంది. ట్యూబులైటు. బల్ల. సెట్టు. సెట్టు మీద ఎర్ర దీపం వెలుగుతోంది, అంటే ఇంకా మాట్లాడుతూనే ఉంది. దాని ముందు పచ్చ మైకు. మైకు ముందు నా కుర్చీ...

ఖాళీ కుర్చీ.

నేను లేచినప్పుడు ఆ కుర్చీని బల్లకు దగ్గరగా తోశానా? దూరంగా వదిలానా? ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను. అప్పుడు మాత్రం అది కాస్త పక్కకు తిరిగి ఉంది. మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఎలా తిరుగుతుందో, అలా.

కిటికీలోంచి గేటు చూశాను. మూసే ఉంది. గొలుసు కూడా వేసే ఉంది.

"శేఖరా..." అన్నాను. "జెట్టీ వాళ్ళకి సెప్పకు. పడవలు తిప్పొద్దను. ఇక్కడ ఎవులూ నేరు."

మా ఇంటి వెనక, గూళ్ళు అమ్ముకోవడానికి పిట్టల కోసం కట్టిన మేడ ఒకటుంది. పిట్టల్ని పిలవడానికి దాని మీద స్పీకర్లు రాత్రీ పగలూ కిచకిచమంటూనే ఉంటాయి. ఆ కిచకిచ తప్ప నాకేమీ వినిపించడం లేదు. చెవులు రిక్కించాను. పంపు నుంచి చుక్క... చుక్క... అంతే.

"అన్నే," అన్నాడు శేఖరన్. ఇప్పుడు వాడి గొంతులో సంతోషం లేదు. "మళ్ళీ దగ్గినాడు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. నువ్వు సెవులు మూసుకున్నావేటి?"

నేనేమీ వినలేదు! గది నా కళ్ళెదురుగా ఉంది. గదిలో చీమ చిటుక్కుమనలేదు. కానీ ఆ మైకు వింటోంది. నాకు వినపడనిదాన్ని వింటోంది. విని తీరం మొత్తానికీ చెబుతోంది. నా వీపు మీద చల్లటి నీళ్ళు పోసినట్టయింది. అదే సమయంలో... ఇది కూడా చెప్పాలి... లోపల ఎక్కడో ఒక పిచ్చి సంబరం. అబ్బ, ఏం మైకురా ఇది!

పార్వతి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"శేఖరా, నా తమ్ముడేనా?"

వాడి జవాబు నాకూ వినిపించింది. "అక్కా... ఆడే. సందేగం నేదు."

"ఏటంటన్నాడు?"

"కోపీ అంటన్నాడు. మళ్ళీ అడుగుతన్నాడు."

పార్వతి ఫోన్ నా చేతిలో పెట్టింది. పొయ్యి దగ్గరికి నడిచింది.

"ఒలే, ఏటి సేస్తన్నావు?"

"కోపీ ఎడతన్నాను."

"ఎవులికే?"

"అడిగినోడికి."

గుడ్డ సంచిలో కాఫీ పొడి వేసింది. వేడినీళ్ళు పోసింది. డబ్బాలోని తీపి గట్టి పాలు రెండు చెంచాలు వేసి తిప్పింది. సింహాద్రికి అలాగే ఇష్టం. మా ఇంట్లో మూతతో ఒక పెద్ద ఎనామెల్ కప్పుంది. అందులో పోసి మూత పెట్టింది. నేనైతే గోడకు ఆనుకుని నిలబడ్డాను.

కప్పు తీసుకెళ్ళి పచ్చ మైకు పక్కన, ఆ కుర్చీకి ఎదురుగా పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసింది.

"తాగు," అంది.

అంతే.

నేను ఫోన్ చెవికి నొక్కుకున్నాను. కళ్ళు కప్పు మీద. మూత కప్పు మీదే ఉంది. రెప్ప వెయ్యలేదు... మీరు నమ్మాలి, నేను రెప్ప వెయ్యలేదు...

"మూత తీసినాడన్నే," అన్నాడు శేఖరన్ గుసగుసగా.

మూత కదల్లేదు.

"ఊదతన్నాడు..."

ఆవిరి కూడా కదల్లేదు.

"తాగతన్నాడు. గుటక ఇనిపించినాది. అయ్యో కడవుళే, దేవుడా... అన్నే, నాకు బయిమేస్తన్నాది. నా పెళ్ళాం సెట్టు ఆపీమంటన్నాది."

"ఆపకురా! ఆపితే సంపేస్తాను!"

పార్వతి నా వైపు తిరిగింది. ఇందాకటి ముఖం కాదు. పెదవులు మాత్రమే కదిలాయి.

"ఆడు పోనాడా?"

అదీ మా ఇద్దరి నోటా రాని మాట. ఆవిడే అనేసింది. సముద్రంలో పోయిన తమ్ముడు ఆకలితో అక్క ఇంటికి వచ్చాడా? శనివారం భోజనానికి వచ్చినట్టే వచ్చాడా? బల్ల వైపు చూశాను. అప్పుడు నా కళ్ళు ఆ ఎర్ర దీపం మీద పడ్డాయి.

ఎర్ర దీపం!

చెప్పాను కదా, నోరు తెరిస్తే చెవులు మూసుకుంటుందని. కొక్కెం పడినంతసేపూ మా సెట్టు చెవిటిది. సింహాద్రి బతికే ఉండి, ఇప్పుడే, ఈ నిమిషమే పిలుస్తుంటే? నాకు వినపడదు. శేఖరన్‌కూ వినపడదు, మా ఇంటి చప్పుడే చానల్ అంతా నిండి ఉంది కదా. వాడి గొంతు మీద మేమే కూర్చున్నాం!

ఒక్క దూకు దూకాను. కొక్కెం మీద చెయ్యి వేశాను.

పార్వతి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తే.

"తియ్యకు."

"ఆడు పిలుస్తా ఉంటే?"

"తీస్తే ఈడు ఎలిపోతాడు. ఇంత దూరం వచ్చినాడు. కోపీ అయినా తాగనీ."

"పార్వతీ, ఆడు బతికుంటే..."

"బతికుంటే ఇక్కడికి ఎలగొస్తాడయ్యా?"

నేను లాగాలనుకుంటే లాగేవాణ్ణే. లాగలేకపోయాను. నిజం చెబుతున్నాను. ఎందుకంటే కొక్కెం తీశాక అటు నుంచి ఏమీ వినపడకపోతే? అప్పుడు ఇదీ ఉండదు, అదీ ఉండదు. ఉత్త గాలి చప్పుడు. అది తట్టుకోవడం నావల్ల కాదు.

ఇద్దరం అలా నిలబడ్డాం. ఫోన్‌లో శేఖరన్ ఊపిరి. వెనక పిట్టల స్పీకర్ల కిచకిచ. పంపు చుక్క...

పార్వతి కుర్చీ వైపు చూసింది. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు నా తమ్ముడివైతే నన్ను సెమించు. కాకపోతే కోపీ తాగినావు, ఇంకెళ్ళు."

నా చెయ్యి పక్కకు తోసి, తన చేత్తోనే కొక్కెం లాగేసింది.

టక్.

ఎర్ర దీపం ఆరింది.

సూ... సూ...

ఏమీ లేదు.

సూ...

ఢక్! అని ఒక చప్పుడు. స్పీకర్ పగిలిపోతుందనుకున్నాను. ఢక్! ఢక్! దాని వెనకే ఒక గొంతు, లోతుగా, బొంగురుగా, పాత ఓడలోంచి వచ్చినట్టు...

"అక్కా! అక్కా! ఆడు నేను కాదు! ఆడికి కోపీ ఇవ్వకు!"

పార్వతి అక్కడే కూలబడింది. నేను అరిచాను. ఏం అరిచానో తెలియదు, ఫోన్‌లో శేఖరన్ కూడా అరిచాడు, పక్కింటి కుక్క అందుకుంది. మీట నొక్కాను, ఈసారి వేలితో.

"ఒరే సింహాద్రీ! ఎక్కడున్నావురా?"

"బావా, ముందు అది సెప్పు. ఆడు ఉన్నాడా, ఎల్లినాడా?"

"నీ బొంద! ముందు నువ్వెక్కడున్నావో సెప్పు!"

"ఇంజన్ రెక్కకి వల తాడు సుట్టుకున్నాది. ఎంత తీసినా రాలేదు. కొట్టుకుపోతన్నాను. ఎడమేపు సేపల వల గుంజలున్నాయి. వాటెనక పచ్చ దీపం ఎలిగి ఆరతన్నాది."

శేఖరన్‌కు అంతే చాలు. వాడు ఆ క్షణమే జెట్టీ పడవలకు కబురు చేశాడు. నేను సెట్టు వదల్లేదు. సింహాద్రితో ఒకటే వాగుడు. మైకు పలుకు తగ్గితే "కొట్రా మైకుని!" అని అరిచేవాణ్ణి. ఢక్! "కొట్టినాను బావా!" మళ్ళీ గొంతు. పడవలు వాణ్ణి అందుకున్నాయని విన్నప్పుడు నేను లేచి చిందులు వేశాను. ఆ కుర్చీకి తగలకుండా దూరంగా వేశాను.

వాణ్ణి శేఖరన్ తన వ్యానులో తీసుకొచ్చాడు. ఒళ్ళంతా ఉప్పు. చెప్పులు లేవు, సముద్రంలో పోయాయి. వచ్చినవాడు గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రాడు!

"అక్కా, ముందు నువ్వు బయిటికి రా."

పార్వతి వెళ్ళి వాడి ముఖం తడిమింది, భుజాలు తడిమింది, చెంప మీద ఒకటి కొట్టింది. అప్పుడు గానీ ఏడవలేదు. ఏడుస్తూనే లోపలికి లాక్కొచ్చింది. వాడు నా కుర్చీలో మాత్రం కూర్చోలేదు. గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే చెప్పాడు.

"నా సెట్టు బాగానే ఇంటన్నాది బావా. నువ్వు పిలిసిందంతా ఇన్నాను. నేను మాటాడితేనే పోవట్లేదు. తరవాత నువ్వు లేసి ఎల్లినావు. మీ గేటు ఇన్నాను. సెప్పులు ఇన్నాను. ఎవులొచ్చినాడు సెప్మా అనుకున్నాను. అప్పుడు దగ్గినాడు..." వాడు గొంతు మీద చెయ్యి వేసుకున్నాడు. "నా దగ్గు నాకు తెలవదేటి?"

పార్వతి వాడి పక్కనే నేల మీద కూర్చుంది.

"నా గొంతుతో నా అక్కనే కోపీ అడుగుతన్నాడు. సచ్చిపోనాననుకున్నాను బావా. పడవలో ఉన్నది నేనో, ఇంట్లో ఉన్నది నేనో తెలీనేదు. సేతులు తడిమి సూసుకున్నాను. ఇంతట్లో ఆడు గుటక ఏసినాడు. నా కోపీ! ఒళ్ళు మండిపోనాది. సచ్చినోడికి కోపం వస్తాదేటి? రాదు గదా? అయితే నేను సావనేదు! మైకు తీసి పడవకేసి బాదినాను. బాదతా అరిసినాను. ఇంతట్లో నీ సెట్టు ఆగినాది."

అలా పలికింది బొగ్గు మైకు. వాడికి ఎవరూ చెప్పలేదు, కోపంతో కొట్టాడు.

మరి వచ్చిందెవరు?

నేను సెట్లు విప్పి చూసేవాణ్ణి, దయ్యాల సంగతి నాకేం తెలుసు. కాబట్టి ముందు సెట్టు సంగతే ఆలోచించాను. పడవలో వాడు దగ్గిన దగ్గే ఎలాగో మా చానల్‌లో కలిసిందేమో? కానీ వాడి మైకు అప్పటికి మూగది. పైగా రెండు సెట్లు ఒకేసారి మాట్లాడితే కీచుమని ఈల వస్తుంది. శేఖరన్ ఈల వినలేదు. సింహాద్రీ వినలేదు. పోనీ పడవలో దగ్గు ఉంటుంది, గేటు ఎక్కడుంటుంది? మర్నాడు పగటిపూట శేఖరన్‌ను కళ్ళు మూసుకుని వీధిలో నిలబెట్టాను. మా వీధిలో గేట్లన్నీ ఒక్కొక్కటీ తీసి మూశాను. మా గేటు కిర్రుమనగానే వాడు ఉలిక్కిపడ్డాడు. "ఇదే అన్నే."

మరో రోజు కావాలని కొక్కెం వేసి, ఆ కుర్చీ అలాగే పెట్టి, సాయంత్రమంతా వదిలేశాను. శేఖరన్ వింటూ కూర్చున్నాడు. పిట్టల స్పీకర్లు వినిపించాయట. నా గురక వినిపించిందట. ఇంకేమీ లేదు. మైకు విప్పి చూశాను. బిళ్ళ అద్దంలా మెరుస్తూనే ఉంది. చక్కటి బిళ్ళ. బంగారం లాంటి మైకు. దాన్ని అమ్మెయ్యమని అందరూ అంటారు. నేనెందుకు అమ్ముతాను!

ఇదంతా తర్వాతి మాట. ఆ రాత్రి ఇంకొక్కటి మిగిలింది.

సింహాద్రి చెప్పడం ముగించాక నలుగురం బల్ల వైపు చూశాం. ఎనామెల్ కప్పు అక్కడే ఉంది. మూత వేసే ఉంది. గట్టి కప్పు, బయటికి ఏమీ కనపడదు.

"అందులో ఉందా, నేదా?" అన్నాడు సింహాద్రి.

శేఖరన్ రెండడుగులు వెనక్కి వేశాడు. నేను మూత ఎత్తుదామని చెయ్యి చాపాను. చాపాను గానీ... వేళ్ళు మూత దాకా వెళ్ళాయి, మూతను మాత్రం ముట్టుకోలేదు. మీరైతే ముట్టుకునేవాళ్ళేమో.

పార్వతి వచ్చింది. మూతతో సహా కప్పు ఎత్తింది. వెనక పంపు దగ్గరికి తీసుకెళ్ళింది. మా వైపు వీపు పెట్టి నిలబడింది. ముందు పంపు మొత్తం తిప్పింది. నీళ్ళు ధారగా పడుతున్నాయి, ఆ హోరులో ఇంకే చప్పుడూ వినపడదు. అప్పుడు కప్పు వంచింది. కడిగింది. బోర్లించింది.

నేను వెనకే వెళ్ళాను. ఉండబట్టలేకపోయాను.

"పార్వతీ... ఎత్తినప్పుడు... బరువుగా ఉన్నాదా, తేలిగ్గా ఉన్నాదా?"

ఆవిడ పంపు కట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. గుమ్మం దగ్గర కూర్చున్న తమ్ముణ్ణి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఆడు ఇంటికొచ్చినాడు. పద, అన్నం ఎడతాను."

అడుగుతూనే ఉన్నాను. ఇప్పటికీ చెప్పలేదు.